సైదమ్మ పొద్దుటి జ్వరం

1949 చలికాలం. సూర్యాపేటలో వ్యాపారస్తులు కొందరు కలిసి నడిపిన ఒక చిన్న ధర్మ దవాఖానలో నేను నర్సుగా చేరి అప్పటికి రెండేళ్ళు. ఇప్పుడది లేదు. ఎనిమిది మంచాలు, ఒక డ్రెస్సింగ్ గది, వెనక రేకుల వరండాలో రోగుల తాలూకు వాళ్ళు వండుకోవడానికి మూడు రాళ్ళ పొయ్యిలు, అంతే దవాఖాన. ఎక్స్‌రే కావాలంటే హైదరాబాద్ పోవలసిందే. అంతకు ముందు సంవత్సరం గొడవలతో ఊళ్ళన్నీ అట్టుడికిపోయి ఉన్నాయి, బస్సులు వేళకు నడవడం అప్పుడప్పుడే మొదలైంది.

ఇన్నేళ్ళ సర్వీసులో నీకు బాగా గుర్తున్న కేసు ఏదని జనం అడుగుతుంటారు. ఏ కవలల కాన్పో, ఏ పాముకాటో చెబుతానని కాచుకుని కూర్చుంటారు. నాకు గుర్తొచ్చేది మాత్రం ఆరేళ్ళ పిల్ల తుంటి. పేరు సైదమ్మ. గొర్రెల కాపరి లింగయ్య పెద్దకూతురు. తల్లి పచ్చి బాలింత, ఇంటి దగ్గరే ఉండిపోయింది. అందుకని పిల్లను చంకనేసుకుని నాయనమ్మ మల్లమ్మ వచ్చింది.

"కాలు కింద పెడ్తలేదు నర్సమ్మా. మొన్నటిదాంక మేకపిల్ల తీర్గ దుంకింది. నిన్న పొద్దుగాల లేవంగనే కుంటుడు పట్టింది. మోకాలు గుంజుతున్నదంటది" అంది మల్లమ్మ.

"ఎక్కడ పడ్డావే?" అన్నాను.

"పడలే" అంది పిల్ల, ఎడమ మోకాలు చూపించి.

మోకాలు చూశాను. వాపు లేదు, దెబ్బ లేదు. సరే, చిన్నపిల్లలు పడ్డ సంగతి చెబుతారా అనుకుని మోకాలికి శుభ్రంగా కట్టు కట్టేశాను. డాక్టర్ సాబ్ వచ్చి ఆ కట్టు చూసి నవ్వాడు. ఆయన హైదరాబాద్‌లో చదువుకున్న మనిషి, నెమ్మదస్తుడు, కోపం వస్తే ఉర్దూలోకి దిగుతాడు.

"నర్సమ్మా, పిల్లలు మోకాలు సూపెడితే తుంటి సూడాలె. తుంటి నొప్పి నరం పట్టుకొని మోకాలిదాంక దిగుతది" అని, పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి ఎడమ కాలిని మెల్లగా లోపలికి తిప్పబోయాడు. పిల్ల కెవ్వుమంది. హిప్ జాయింట్ అంటే తుంటి కీలు. అక్కడ లోపల నీరు చేరితే పిల్లలు మోకాలు కొంచెం మడిచి, పాదం బయటికి తిప్పి పెట్టుకుంటారు. సైదమ్మ అచ్చం అట్లాగే పెట్టుకుని ఉంది. కాలిలో బలం ఉంది కాబట్టి పోలియో కాదన్నాడు. ఒళ్ళు వెచ్చగా లేదు కాబట్టి కీలులో చీము కాకపోవచ్చన్నాడు.

"మరి ఏమంటారు?" అన్నాను.

"టీబీ కావచ్చు. కాకపోవచ్చు. పండబెట్టి సూద్దాం."

కీలుకు పట్టే క్షయ అంటే ఆ రోజుల్లో ఒళ్ళు జలదరించేది. తుంటి లోపల ఎముక మెత్తబడి, మెల్లగా కరిగిపోతుంది. కోదాడలో మా తమ్ముడికి అదే వచ్చింది. బెణికింది, బెణికింది అని మా వాళ్ళు ఆర్నెల్లు నాటు పసర్లతో గడిపారు. తీరా పెద్ద డాక్టరుకు చూపించేసరికి కాలు పొట్టిదైపోయింది. వాడిప్పటికీ ఒక పక్కకు ఒరిగి నడుస్తాడు. సైదమ్మను చూడగానే నాకు మా తమ్ముడే కనిపించాడు. ఈ పిల్లను మాత్రం అట్లా కానివ్వను అని గట్టిగా అనుకున్నాను. ఆ గట్టితనమే కొంప ముంచింది, చెబుతాను.

ట్రాక్షన్ కట్టాం. ట్రాక్షన్ అంటే కాలికి అంటుడు పట్టీలు వేసి, తాడు కట్టి, మంచం చివర గిరక మీదుగా బరువు వేలాడదీయడం. కీలు మీద ఒత్తిడి తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది. బావి గిరక ఒకటి దొరికింది. బరువుకు ధాన్యం దుకాణం నుంచి రెండు సేర్ల రాయి తెచ్చాను. పిల్ల ఆ రాయిని చూసి, "నన్ను తూకమేస్తరా?" అని అడిగింది. అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది దానికి.

అంతా సర్ది చేతులు కడుక్కుని వచ్చేసరికి మల్లమ్మ ఒక మూట పట్టుకుని పిల్ల తుంటికి అద్దుతోంది. గళ్ళ ఉప్పు పెనం మీద వేయించి, బట్టలో మూటగట్టి కాపడం. వాళ్ళ ఇళ్ళల్లో మనిషి కీలు పట్టినా, గొర్రె కీలు పట్టినా మొదటి వైద్యం అదే. అది కుదరకపోతే కాల్చిన ఇనుముతో వాత. వాత ఇంకా పెట్టలేదు, సంతోషించాల్సింది నేను. కానీ నాకు తిక్కరేగింది. మా తమ్ముడికి పట్టిన ఆర్నెల్ల పసర్లన్నీ గుర్తొచ్చాయి.

"ఇది దవాఖాన అనుకున్నావా, గొర్రెల దొడ్డి అనుకున్నావా? ఇంకోసారి ఈ మూట కనపడిందో, పిల్లతో సహా బయటికి పంపించేస్తాను!" అని అరిచి, మూట లాక్కుని పెరట్లోకి విసిరేశాను. ఉప్పంతా చిమ్మిపోయింది.

మల్లమ్మ నా వైపు ఒకసారి చూసింది. "నీ మాట కోదాడ దిక్కు మాట. తియ్యగ ఉంటదనుకున్న" అంది. కాపడం ఎందుకు వద్దో నేను ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. తుంటి దానంతటది వేడెక్కుతుందా లేదా అని డాక్టర్ సాబ్ రోజూ చెయ్యి పెట్టి చూడాలి, పై నుంచి వేడి పెడితే ఆ లెక్క తప్పుతుంది. ఇంత చిన్న మాట. చెప్పలేదు. నర్సును కదా, నాకు చెప్పే అలవాటు లేదు, ఆజ్ఞాపించే అలవాటే ఉంది.

మర్నాడు పొద్దున్న థర్మామీటరు పెట్టాను. నూటొకటి. సాయంత్రం పెట్టాను. తొంభై ఎనిమిది. మూడో రోజూ అంతే, నాలుగో రోజూ అంతే. మంచానికి కుడి పక్క గోడ, కాబట్టి ఎప్పుడూ ఎడమ చంకలోనే పెట్టేదాన్ని. పొద్దున్నపూట తుంటి మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలేది, చర్మం ఎర్రబడి ఉండేది. "లోకల్ హీట్ ప్రెజెంట్" అని చార్టులో రాశాను. అంటే ఆ చోట వేడి ఉందని.

డాక్టర్ సాబ్ చార్టు పట్టుకుని కూర్చునేవాడు. "టీబీ జ్వరమైతే పొద్దూకినంక రావాలె. ఇది పొద్దుగాల వస్తది, పగటీలికి పోతది. ఉల్టా జ్వరం. చీమైతే ఇట్ల పోయి వచ్చుడుండదు. మలేరియానా?" అని రక్తం చుక్క తీసి మైక్రోస్కోపు కింద చూశాడు. ఏమీ కనపడలేదు. కనపడకపోయినా అడవిపట్టున తిరిగే వాళ్ళ పిల్ల కాబట్టి మూడు రోజులు క్వినైన్ ఇమ్మన్నాడు. అది ఎంత చేదో తాగినవాళ్ళకే తెలుసు. ముక్కు పట్టుకుని నేనే పోశాను. పిల్ల వాంతి చేసుకునేది, మళ్ళీ పోసేదాన్ని. "చెవుల్ల గుయ్యిమంటున్నది" అని ఏడ్చేది.

చిత్రం ఏమిటంటే, ఐదో రోజుకు పిల్లకు నొప్పి తగ్గింది. ఆరో రోజుకు డాక్టర్ సాబ్ కాలు లోపలికి తిప్పితే మొహం చిట్లించిందే గాని అరవలేదు. కాలేమో బాగుపడుతోంది, చార్టేమో పాడవుతోంది. మా ఇద్దరికీ బుర్ర తిరిగిపోయింది. ఇందులో ఏది నమ్మాలి?

మల్లమ్మకు మాత్రం ఏ సందేహమూ లేదు. "గొర్రెపిల్ల మేత మేస్తున్నదంటే పానం బాగున్నట్టే నర్సమ్మా. మా సైదమ్మ రెండు జొన్నరొట్టెలు తింటున్నది. జరమొచ్చినోళ్ళు తింటరా? నీ గాజుపుల్లకే జరమొచ్చిందేమో సూసుకో" అంది.

"నీకేం తెలుసు, ఊరుకో" అన్నాను. నాకిప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఆమెకు తెలుసు. నాకే తెలియదు.

తొమ్మిదో రోజు లింగయ్యను పిలిపించారు. డాక్టర్ సాబ్ ఏదీ దాచే మనిషి కాడు. "జ్వరం పోతలేదు. పొద్దుగాల తుంటి వెచ్చగుంటున్నది. హైదరాబాద్ పంపుతం. చార్టు సూసి వాళ్ళు ప్లాస్టర్ వేస్తరు. నడుము నుంచి పాదం దాంక పిండికట్టు. ఏడాది" అన్నాడు.

లింగయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఏడాదా? పిల్లను ఏడాది సున్నంల పెట్టి పండబెడ్తరా?"

"పెట్టకపోతే, అది టీబీ అయితే, కీలు కరిగిపోతది. జిందగీ అంతా కుంటుతది."

"అయితే అన్నరు. కాకుంటె?"

"కాకుంటె మంచి కాలు ఉత్తపుణ్యానికి ఏడాది కట్టుల ఉంటది. తొడ కండ ఎండిపోతది. మోకాలు బిగుసుకపోతది. మల్ల నడక నేర్పాలె."

"ఎక్స్‌రేల తెలుస్తదంటరు గద?"

"మొదట్ల తెల్వదు. తెలిసేటాలకు కీలు సగం పోతది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. లింగయ్య నా వైపు చూశాడు. నేను తటపటాయించలేదు. మా తమ్ముడి సంగతంతా చెప్పాను. వాడు ఒరిగి నడిచినట్టు ఆ గదిలో నడిచి చూపించాను కూడా. "నా మాట విను లింగయ్యా, పిల్లను కుంటిదాన్ని చేసుకోకు" అన్నాను. ఆ మాటతో అతను ఒప్పుకున్నాడు. రేపు పొద్దుటి బస్సుకు పోవాలని ఖాయమైంది. డాక్టర్ సాబ్ ఉత్తరం రాశాడు. దానికి నా చార్టు జత చేశాను, గీతలు చక్కగా గీసి మరీ.

మర్నాడు ఎండ వచ్చాక దవాఖానకు బయల్దేరితే దారిలో నా చెప్పు వారు తెగింది. నా చెప్పులు కొత్తవి, నడిస్తే కిర్రుమని వీధంతా వినపడేవి. వాటిని చేత్తో పట్టుకుని ఉత్త కాళ్ళతో లోపలికి వచ్చాను. మంచం దగ్గర మల్లమ్మ వంగి ఉంది. గొంగడి పక్కకు తీసి, పిల్ల తుంటికి ఉప్పు మూట అద్దుతోంది. పొగలు వస్తున్నాయి.

నన్ను చూసి ముసలామె నా కాళ్ళ మీదికి వంగబోయింది. "అయ్యో, నర్సమ్మా, పొల్లను ఎల్లగొట్టకు. నీ కాళ్ళు మొక్కుత. ఇయ్యాల పోతది గద, ఆఖరుసారి అని పెట్టిన" అంది.

"రోజూ పెడుతున్నావా?"

జవాబు పిల్ల చెప్పింది, ఎంతో గొప్పగా. "దినాం పెడ్తది. నీ చెప్పుల సప్పుడు ఇనంగనే నేను గీడ దాసిపెడ్త. నీకు ఒక్కనాడన్న దొరికిన్నా?" అని ఆ మూటను లాక్కుని గొంగడి లోపల ఎడమ చంకలో ఇరికించుకుని చూపించింది.

ఎడమ చంక. నేను రోజూ థర్మామీటరు పెట్టేది అక్కడే.

నా చెప్పులు కిర్రుమంటే పిల్ల మూట చంకలో పెట్టుకునేది. నేను థర్మామీటరు దులిపేలోపు మూట మల్లమ్మ కొంగు కిందికి జారుకునేది, అప్పటిదాకా అది ఉన్న చోటే థర్మామీటరు పెట్టి, నూటొకటి అని రాసుకునేదాన్ని. సాయంత్రం పొయ్యి దగ్గర రద్దీ, కాపడం ఉండేది కాదు, జ్వరమూ ఉండేది కాదు. ఆ నూటొకటి చూసి క్వినైన్. దానికి వాంతులు. ఆ నూటొకటి చూసి ఏడాది ప్లాస్టర్. గోడ పక్కకు వంగి, కుడి చంకలో థర్మామీటరు పెట్టాను. తొంభై ఎనిమిది.

డాక్టర్ సాబ్ దగ్గరికి ఉత్త కాళ్ళతోనే పరిగెత్తాను. ఉన్నదంతా చెప్పేశాను. ఆయన ఉత్తరం నుంచి చార్టు విడదీసి చూశాడు. "తోబా!" అన్నాడు. తర్వాత, "నేను రోజు చెయ్యి పెట్టి సూసిన. నాకూ తట్టలే" అన్నాడు. నన్ను తిట్టి ఉంటే కాస్త తేలికగా ఉండేది.

బస్సుకు వేళ అవుతోంది. లింగయ్య గొంగడి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "పోవాల్నా, వద్దా? ఒక్క మాట చెప్పుండ్రి సారు" అన్నాడు.

"జ్వరం లేదు. కానీ టీబీ కాదని ఇప్పుడే చెప్పలేను. కాలు బాగైతున్నది. ఎందుకు వచ్చిందో, ఎందుకు తగ్గుతున్నదో నాకు తెల్వదు" అన్నాడు డాక్టర్ సాబ్.

డాక్టరు నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి. లింగయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. "డాక్టరుకే తెల్వదంటె మాకేం తెలుస్తది!" అన్నాడు.

వెనక నుంచి మల్లమ్మ, "తెల్వదన్నోడే నయం కొడుకా. తెలిసినోళ్ళు తొమ్మిది దినాల సంది సూస్తనే ఉన్నరు" అంది. ఆ దెబ్బ నాకే. తగలవలసిన చోటే తగిలింది.

ఇంకో పది రోజులు చూద్దాం, రెండు చంకల్లోనూ జ్వరం చూద్దాం, కాపడం మాత్రం వద్దు అన్నాడు డాక్టర్ సాబ్. ఈసారి కాపడం ఎందుకు వద్దో నేను మల్లమ్మ పక్కన కూర్చుని చెప్పాను. ఆమె విని, "గీ మాట మొదలే చెప్తే మూట ముట్టకపోదును గద బిడ్డా. నోరు మంచిగుంటే ఊరు మంచిగుంటది" అంది. ఆ తర్వాత ఒక్క రోజు కూడా జ్వరం రాలేదు. పది రోజులకు ట్రాక్షన్ విప్పి నిలబెట్టాం. పిల్ల నాలుగు అడుగులు వేసి, వెనక్కి తిరిగి, నేను ఆపుతానేమోనని చూసి, వరండా దాకా పరుగెత్తింది. నేను ఏడ్చాను. నలుగురిలో ఏడవడం నాకు ఇష్టం ఉండదు, అయినా ఏడ్చాను. మూణ్ణెల్ల తర్వాత పిలిపించి రెండు తొడలూ టేపుతో కొలిచి చూశాం. ఏ తేడా లేదు. టీబీ అయితే అట్లా ఉండదు.

మరి అది ఏమిటి? డాక్టర్ సాబ్‌కు ఆ ప్రశ్న వదల్లేదు. పిల్లకు కుంటు రాకముందు ఏమైందని మల్లమ్మను అడిగాడు. "ఏమైతది? పడిశం పట్టింది, వారం దినాలు ముక్కు కారింది. వాడకట్టుల పోరగాండ్లందరికీ పట్టింది" అంది. పడిశాన్ని తెచ్చేది వైరస్ అంటారు, తన మైక్రోస్కోపులో కూడా కనపడనంత చిన్న పురుగు అని ఆయన నాకు చెప్పాడు. అదేమైనా కీలు లోపలి పొరను నాలుగు రోజులు వాచేట్టు చేస్తుందేమో అన్నాడు. నాకు అర్థం కాలేదు. ముక్కులో పురుగుకు తుంటితో ఏం పని? వాడలో పిల్లలందరికీ పడిశం పడితే ఒక్క సైదమ్మే ఎందుకు కుంటింది?

తర్వాత అట్లాంటి పిల్లలను వెతకడం మొదలుపెట్టాం. కోదాడలో మా ఇంటి వెనక పిల్లవాడికి ఇదే కుంటు వచ్చింది, వాడికి ముందు వచ్చింది పడిశం కాదు, విరేచనాలు. వారానికి తగ్గింది. హాలియా నుంచి వచ్చిన ఒక పిల్లకు ముందు ఏ జబ్బూ లేదు, అదీ తగ్గింది. ఇదంతా చూసి మాకు కాస్త ధైర్యం వచ్చేలోపు మిర్యాలగూడ నుంచి ఒక పిల్లవాణ్ణి తెచ్చారు. అదే తుంటి, అదే కాలు. కానీ వాడు తిండి ముట్టలేదు, కాలు తాకనివ్వలేదు, రెండు చంకల్లోనూ నూటమూడు. ఇంట్లో కాపడమో, పసరో ఏమైనా పెట్టారా అని తల్లిని మెల్లగా అడిగాను. ఏమీ పెట్టలేదంది. ఆ పూటే కారు మాట్లాడి హైదరాబాద్ పంపాం, కీలులో చీము తీశారు, కాలు దక్కింది. వేచి చూడడం అన్ని తుంటి నొప్పులకూ మందు కాదు. అది కూడా మరిచిపోకూడదు.

ఇప్పుడు ఆ వారం రోజుల కుంటుకు ట్రాన్సియెంట్ సైనోవైటిస్ అని పేరు పెట్టారు, వచ్చిపోయే కీలువాపు అని అర్థం. నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల ఒకతె ఇప్పుడు పెద్ద ఆస్పత్రిలో ఉంది, వైరస్ వల్లే కావచ్చంటారట. కావచ్చు అంటారట, అవును అనరట. పేరు వచ్చింది గాని, మా డాక్టర్ సాబ్ ఆగిన చోటే వాళ్ళూ ఆగినట్టున్నారు.

ఆ చార్టు నేను పారేయలేదు. ఉత్తరంతో హైదరాబాద్ పోవలసిన కాగితం, నా దగ్గరే ఉండిపోయింది. కొత్తగా చేరిన నర్సులకు చూపించేదాన్ని. ఏ జ్వరమో చెప్పండి అంటే టీబీ అనేవారు, మలేరియా అనేవారు, టైఫాయిడ్ అనేవారు. ఎవరికీ అందేది కాదు. సైదమ్మ తుంటిలోకి ఏ పురుగు పోయిందో నాకు ఈ రోజుకూ తెలియదు. ఆ కాగితం మీది జ్వరం మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. నా నోట్లోంచి వచ్చింది.